వాన పడకూడని చోటు

ఆటోనగర్లో లారీ బాడీలకి రంగులు కొట్టే షెడ్ల వెనక
మా ఫౌండ్రీ రాత్రిళ్ళు నిద్ర లేస్తుంది.
పగలు కరెంటు ఖరీదు.
పైగా మే నెల బెజవాడలో పగటిపూట
కొలిమి వేరే వెలిగించాలా అని నాంచారయ్య వేళాకోళం.

వంతెన ప్లేట్ల కోతలు, పంచింగ్ బిళ్ళలు కరుగుతాయి.
కమాను పట్టీలు మాత్రం గేటు దగ్గరే వెనక్కి,
వాటికి కార్బన్ పొగరెక్కువ.
చివర్లో మీరావలి కాగితం పొట్లం విప్పుతాడు:
వెనేడియం.
టన్నుకి కిలో కూడా కాదు, తాలింపులో ఇంగువంత.
అది పడితే పలచటి గోడ
మందపాటి గోడ మోసే బరువు మోస్తుంది.
ఎక్కువేస్తేనో అని ఒకసారి అడిగాను.
"పులుసు కాదురా, పెళుసవుద్ది" అన్నాడు.

మూస పడుకునే తిరుగుతుంటుంది,
నిమిషానికి తొమ్మిది వందల చుట్లు.
లోపల సున్నం కొట్టినట్టు జిర్కాన్ పూత.
ఇసుక దిమ్మ లేదు, కడ్డీ లేదు,
బోలు రావాల్సిన చోట ఎవరూ ఏమీ పెట్టలేదు.
లాడిల్ వంగుతుంది.
పదహారు వందల ఇరవై డిగ్రీల తెలుపు
గరాటులోంచి జారి, జారినట్టే జారి
గోడెక్కుతుంది.
పైనున్నది పడదు.
బరువైంది అంచుకి పోతుంది,
తేలికది, అంటే చిట్టెం, మసి, గాలిబుడగ,
నడిమికొచ్చి కూర్చుంటుంది.
మీటింగుల్లోనూ అంతేగా అంటాడు నాంచారయ్య.

పదిహేడో తారీఖు రాత్రి, రెండు దాటాక,
వోల్టేజి ఒక్కసారి కిందికి జారింది.
దీపాలు ఎర్రబడ్డాయి, అంతే.
నాంచారయ్యకి ముందు అరికాళ్ళకి తెలిసింది,
నేల వణుకు మారిందని.
"వాన! లోపల వాన పడతా ఉంది!"

ఊరు ఊరంతా డాబాల మీద చాపలేసుకుని
ఒక్క చినుకు కోసం ఆకాశం వంక చూస్తున్న రాత్రి
ఆ మాటకి మాకు ఒళ్ళు చల్లబడింది.
చుట్టు మందగిస్తే పైగోడ పట్టు వదిలేస్తుంది.
కరిగిన ఉక్కు మూసలోనే చినుకులు చినుకులుగా రాలుతుంది.
బయటికి చప్పుడు రాదు.
ఎనిమిది సెకన్లు. పదేమో.
మోటారు మళ్ళీ అందుకుంది.

చల్లారాక గొట్టం పైకి నున్నగానే ఉంది.
మీరావలి అరచేత్తో తట్టి
"బానే ఉన్నట్టుందే" అన్నాడు, ఎవరికో చెప్పినట్టు.

లేతు నాది.
ఆ నడిమికి చేరిన చెత్తని తీసేది నేను.
మామూలుగా మూడు మిల్లీమీటర్లు.
ముందు నల్లగా, పొడిపొడిగా రాలుతుంది.
ఆ తర్వాత వెండి చుట్టలు, పొడుగ్గా, జంతికల్లా,
అప్పుడు పిడి పట్టిన చెయ్యే చెప్తుంది,
చాలు, మంచి లోహం తగిలింది అని.
ఆ రోజు మూడు తీశాను. ఐదు. ఏడు.
ఉల్లిపాయలా పొర కింద పొర.
ఎనిమిది దగ్గర స్విచ్చి కట్టేశాను.
ఇంకా తీస్తే మిగిలేది బోలే.

సాల్మన్ రాజు గారు వచ్చి
గొట్టంలో చెయ్యి పెట్టి చాలాసేపు తడిమారు,
పోయిన ఉంగరం వెతుక్కున్నట్టు.
"కరిగించెయ్యండి" అన్నారు.
అందరికీ టీ చెప్పారు, తను తాగలేదు.
తెల్లారేలోపు ఇంకో రెండు పోతలు పోశాం.
నాంచారయ్య చెప్పులు విప్పి నించున్నాడు.

కొలిమిలోకి పోయే ముందు
దాని అంచున ఒక వలయం కోసుకున్నాను,
గేటు పుస్తకంలో రాయించి మరీ తెచ్చుకున్నాను.
ఇప్పుడది మా ఇంట్లో మంచినీళ్ళ కుండకి కుదురు.
లోపలివైపు గోటితో రాస్తే
ఆ రాత్రి తాలూకు పొర ఇంకా తగులుతుంది.
మిట్టమధ్యాహ్నం కుండకి చెమట పట్టి
అప్పుడప్పుడూ ఒక చుక్క
ఆ వలయంలోకి రాలుతుంది.

పడనీ, ఇక్కడ పడనీ.